రేవుల్లో పుట్టిన ఇంగ్లీషు

నైజీరియాలో ఇంగ్లీషును దొరల పాలనే తెచ్చిపెట్టిందని చాలామంది అనుకుంటారు. లేగోస్ బ్రిటిష్ వాళ్ల చేతికి చిక్కింది 1861లో. అప్పటికే గినీ తీరపు రేవుల్లో బేరాలు ఒక రకం ఇంగ్లీషులో సాగబట్టి తరాలు గడిచాయి.

అంతకన్నా ముందు, 15వ శతాబ్దంలోనే అక్కడ దిగినవాళ్లు పోర్చుగీసువాళ్లు. తెలుసు అనడానికి 'సాబీ', పిల్లలకు 'పికిన్' వాళ్ల చలవే. 1553లో మిరియాల కోసం ఇంగ్లీషు ఓడ బెనిన్ చేరింది. పోనుపోను ఆ తీరం నుంచి ఓడలకెక్కిన ప్రధాన సరుకు మనుషులే.

కలబార్ రేవులో ఎఫిక్ వర్తకుడు ఆంటెరా డ్యూక్ 1785 నుంచి 1788 దాకా ఈ రేవు ఇంగ్లీషులోనే డైరీ రాశాడు. పొద్దున ఎన్నింటికి లేచాడో, వాన పడిందో లేదో, ఏ ఓడ ఎంతమంది బానిసలతో కదిలిందో అన్నీ అందులో ఉన్నాయి. తెల్లవాళ్లలా దుస్తులు తొడుక్కున్న ముచ్చటా ఉంది. వానకూ బానిసల లెక్కకూ అతని గొంతు మారదు. చదువుతుంటే ఒళ్లు జలదరించేది అక్కడే. అసలు ప్రతి ఇప్పుడు లేదు, ఎత్తిరాసుకున్న కొంత భాగమే మిగిలింది.

1807లో బానిస వ్యాపారాన్ని నిషేధించాక, బ్రిటిష్ నౌకాదళం పట్టుకున్న ఓడల్లోని బందీలను పశ్చిమాఫ్రికా రేవు ఫ్రీటౌన్‌లో దింపేవారు. యోరుబా కుర్రాడు శామ్యూల్ అజయి క్రౌథర్ 1822లో అలా దిగినవాడే. 1864లో బిషప్ అయ్యాడు. ఫ్రీటౌన్‌లో ఇంగ్లీషు నుంచి రూపుదిద్దుకున్న క్రియో భాషను అక్కడినుంచి తిరిగొచ్చిన వర్తకులు, గుమాస్తాలు, మతబోధకులు నైజీరియా పట్టణాలకు మోసుకొచ్చారు.

1960లో స్వాతంత్ర్యం వచ్చాక హౌసా, యోరుబా, ఇగ్బోల్లో దేనికి పీట వేసినా మిగతావాళ్లు ఊరుకోరు. అందుకే ఇంగ్లీషే రాజభాషగా నిలిచింది. బజారులో మాత్రం పిడ్జిన్ అనే ఆ రేవు ఇంగ్లీషులో 'హౌ ఫార్?' అని పలకరిస్తే 'ఐ డే' అంటారు. బాగానే ఉన్నానని. లండన్‌లో సంగీతం చదివిన గాయకుడు ఫెలా కుటి పిడ్జిన్‌లో పాడాడు. సైనికులను ఎగతాళి చేస్తూ 1976లో 'జాంబీ' పాట తెచ్చాడు. మరుసటేడే సైన్యం అతని ఇంటిమీద పడింది.

2017లో బీబీసీ పిడ్జిన్ సేవ మొదలైంది. అందరూ ఒప్పుకున్న వర్ణక్రమం లేని భాషలో వార్తలు రాయడమంటే మాటలు కాదు. బడిలో ఆ భాష మాట్లాడితే మాత్రం పంతులు ఇప్పటికీ కసురుకుంటాడు, ఎన్నికలొస్తే నాయకులు ఓట్లడిగేదీ అందులోనే అయినా.