తెరచాప పోయి ట్యాంకీ వచ్చాక

1939 మే 1న రాస్ తనూరా రేవులో సౌదీ రాజు అబ్దులజీజ్ స్వయంగా వాల్వు తిప్పాడు. డి.జి. స్కోఫీల్డ్ అనే ట్యాంకరు ఆ దేశపు ముడిచమురు నింపుకుని బయలుదేరింది. ఆ రేవుకు దక్షిణాన తారూత్ దీవి, దాని అంచున దారీన్ ఉంటాయి. ముత్యాల బేరంతో పేరు పొందిన ఊరది. తరతరాలుగా దారీన్ పడవలను నడిపింది గాలి, తెరచాప, తెడ్డు. వాటికి చమురుతో పని పడలేదు.

సరిగ్గా ఆ కాలంలోనే ఆస్ట్రేలియా నావికుడు అలన్ విలియర్స్ అరబ్బుల పడవల్లో తిరిగాడు. ఏడెన్ నుంచి సౌదీ రేవు జీజాన్ దాకా చిన్న జరూక్‌లో వెళ్ళాడు. తర్వాత కువైట్ వాళ్ళ పెద్ద బూమ్ ఎక్కి తూర్పు ఆఫ్రికా చేరాడు. ఆ ప్రయాణాలు సాగింది తెరచాప మీదే. సరంగు రోజూ చూసుకోవలసింది తాగునీటి పీపాలను, ఖర్జూరాల నిల్వను. వేసవిలో నాలుగు నెలలు సాగే ముత్యాల వేటలో కూడా మంచినీళ్ళు అడుగంటుతాయేమోనన్నదే భయం.

జపాన్ పెంపుడు ముత్యాలు, ప్రపంచమంతా కమ్మిన ఆర్థికమాంద్యం కలిసి 1930లలో ఆ బేరాన్ని ముంచేశాయి. ఎందరో గజ ఈతగాళ్ళు చమురు కంపెనీ కూలీలయ్యారు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక మలబారు టేకుతో కట్టిన అవే పడవల్లోకి డీజిల్ ఇంజన్లు దిగాయి. ట్యాంకీలో ఎంత ఉందో కర్ర ముంచి చూసుకునేవారు. అందులో చిన్నతనమేమీ లేదు. ఫోర్డ్ మోడల్ టి కారు యజమానులు కూడా సీటు ఎత్తి, గీతలున్న కర్రతోనే పెట్రోలు కొలిచేవారు.

పడవ వెనక తగిలించే ఔట్‌బోర్డు మోటారును అమెరికాలో ఓల్ ఎవిన్‌రూడ్ 1909 నుంచి అమ్మాడు. 1960లో యమహా ఆ వ్యాపారంలోకి దిగింది. ఫైబర్ పడవలొచ్చి ట్యాంకీ నేల చెక్క కిందికి పోయాక కర్ర ముంచడం కష్టమైంది. అలా సరంగు కళ్ళెదుట గేజీ ముల్లు వెలిసింది.

ఆ ముల్లు వెనక ఉన్న ఏర్పాటు చాలా తేలిక. ట్యాంకీలో ఒక బెండు తేలుతుంది. బెండుకున్న చెయ్యి లేచినా దిగినా కరెంటుకు అడ్డుపడే నిరోధం మారుతుంది, దాన్నిబట్టి ముల్లు కదులుతుంది. ఆ బెండు, చెయ్యి, నిరోధం కలిసిన పరికరమే సెండరు. అమెరికా పద్ధతిలో ఖాళీ ట్యాంకీకి 240 ఓమ్‌లు, నిండుకు 33. యూరప్ పద్ధతి తలకిందులు: ఖాళీకి 10, నిండుకు 180. అమెరికా గేజీకి యూరప్ సెండరు తగిలిస్తే ఖాళీ ట్యాంకీ నిండుగా కనిపిస్తుంది. ఒడ్డు కనపడని చోట అది ప్రాణాల మీదికొచ్చే తప్పు. బజారులో దొరికిందేదో బిగించే ముందు ఓమ్‌మీటరు పెట్టి చూడాల్సింది అందుకే.

అయితే ఎక్కువసార్లు చెడేది గేజీ కాదు, దాని ఎర్త్. మహాసముద్రాల్లో కిలో నీటికి సగటున 35 గ్రాముల ఉప్పుంటే ఎర్రసముద్రంలో 40 దాకా ఉంటుంది. ఖతర్ పక్కనున్న సల్వా అఖాతంలో 50 దాటుతుంది. ఆ ఉప్పుగాలికి రాగి తీగలు చిలుము పడతాయి. చిలుము పట్టిన అతుకు దగ్గర నిరోధం పెరుగుతుంది, అమెరికా రకం ముల్లు సగం ట్యాంకీని కూడా ఖాళీ అంటుంది.

అమెరికా రకం గేజీ తప్పు పట్టుకునే పద్ధతి ఒకటుంది. పెట్రోలు ఆవిరి పోయేలా పడవను బాగా గాలాడనిచ్చి, నిప్పురవ్వ ట్యాంకీ దరి చేరకుండా ఈ పని గేజీ వెనకే చెయ్యాలి. తాళం తిప్పి, సెండరు నుంచి వచ్చే గులాబీ రంగు వైరు ఊడదీస్తే ముల్లు ఖాళీ వైపు పడాలి. ఆ వైరు తగిలించే మొలను ఎర్త్‌కి కలిపితే నిండు వైపు లేవాలి. రెండూ జరిగితే గేజీ మంచిదే. తప్పు వైరులోనో, సెండరులోనో, దాని ఎర్త్‌లోనో ఉంది. చిలుము గీకి, కళాయి పూసిన రాగి తీగ వేస్తే చాలాసార్లు అక్కడికి సరిపోతుంది. బెండులోకి పెట్రోలు దూరితే మాత్రం సెండరు మార్చాల్సిందే. దాని ఐదు మరల రంధ్రాల ఎడం సమానంగా ఉండదు, కాబట్టి ఒకే తీరున కూర్చుంటుంది.

మరమ్మతు బాగా కుదిరినా ముల్లుని పూర్తిగా నమ్మకూడదు. పడవ అడుగు కోసుగా ఉంటే ట్యాంకీ అడుగూ సన్నబడుతుంది. ముల్లు సగం చూపినప్పుడు మిగిలేది సగం కంటే తక్కువ. వేగం పెరిగి ముక్కు లేస్తే పెట్రోలు వెనక్కి జారి లెక్క మళ్ళీ మారుతుంది.

చమురు చవగ్గా ఉన్నన్నాళ్ళు రెండు క్యాన్లు అదనంగా వేసుకోవడం భారమనిపించలేదు. సౌదీలో 91 రకం పెట్రోలు లీటరు 2015 చివరిదాకా 45 హలాలాలు (హలాలా అంటే రియాలులో నూరో వంతు), తర్వాత 75. 2018 జనవరిలో 1.37 రియాళ్ళకు చేరింది, ముల్లు సరిగ్గా చూపడం మరింత అవసరమైంది. తూర్పు తీరంలో రొయ్యల వేట ఆగస్టు 1న మొదలవుతుంది. దానికి ముందు పడవ ఒడ్డున ఉన్న రోజుల్లోనే ఎర్త్ అతుకులు శుభ్రం చేసుకోవాలి. ట్యాంకీలో పదేసి లీటర్లు పోస్తూ, ముల్లు ఎక్కడ నిలిచిందో ప్రతిసారీ గేజీ పక్కన గుర్తు పెట్టుకోవాలి.