నవ్వు మాటున నేరము



కోయిలకుంట్లవారికి నేరమన నేమో, శిక్ష యన నేమో పుస్తకము తెరచి చెప్ప నక్కరలేదు. 1846వ సంవత్సరము జూలై నెలలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఈ ఊరి ఖజానాపై బడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కుంఫిణీవారు ఆయనను ఈ ఊరనే ఉరిదీసిరి. అంతటితో వారి కసి తీరలేదు. ఆయన తలను 1877వ సంవత్సరము వరకు, అనగా ముప్పది యేండ్లు, వచ్చుపోవువారికి కనబడునట్లు వ్రేలాడగట్టి యుంచిరి. సర్కారు ఖజానా ముట్టినవానికి జరిగిన మర్యాద అది.

ఆ ముప్పది యేండ్లలో ఆ తల క్రిందుగా ఎన్ని పెండ్లిబండ్లు పోయియుండునో! ముదుసలి వరుని ప్రక్కన, ఇంకను పండ్లూడని పసిపిల్ల పెండ్లికూతురై కూర్చున్న బండ్లును వానిలో కొన్ని యుండకపోవు. ఆ బండిని నిలిపి, ఇదేమని యడిగిన జవాను మాత్రము ఉండడు. అడుగుటకు చట్టమే లేదు. నేను నేడు చెప్పదలచినది ఈ రెండవ విధమైన నేరమును గూర్చి. శిక్షాస్మృతి పట్టుకొనని ఆ నేరమును, నవ్వించుచు నవ్వించుచు పట్టియిచ్చిన ఒక తెలుగు నాటకమును గూర్చి.

మన పాత కథలలో స్త్రీయు నేరమును కలిసిన చోట సాధారణముగా స్త్రీయే దోషి. సారంగధరుని కథ మీలో విననివా రుండరు. రాజమహేంద్రవరము నేలిన రాజరాజనరేంద్రుని చిన్నభార్య చిత్రాంగి సవతికొడుకును మోహించెను. అతడు కాదనగా తిరుగ నేరము మోపెను. రాజు విచారణ లేకయే కొడుకు కాలుసేతులు నరికించెను. బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు ఈ కథనే ‘విషాద సారంగధర’మను నాటకము చేసిరి. సారంగధరుని కొరకు ఏడ్చినవారు వేలు, చిత్రాంగిని తిట్టినవారు వేలు. అయితే ఆ ముదుసలి రాజు ఆ పడుచుపిల్లను ఏల పెండ్లియాడెనని సభలో లేచి యడిగినవానిని నేనెరుగను. కథకు మొదటి తప్పు అక్కడ నున్నది గదా! ఆ తప్పు ఎవరికిని తప్పుగా తోపలేదు.

ఇక నవ్వు సంగతి. తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధము నడుమ బంగారక్కయు జుట్టుపోలిగాడును వత్తురు. తిట్లు, తన్నులు, బూతులు. తెల్లవారుజామున కునికిపాట్లు పడువారు కూడ లేచి కూర్చుండి నవ్వుదురు. నేనును నవ్వితిని. ఇంటిలో జరిగిన ఏడుపు అయ్యెడి దెబ్బ తెరమీద జరిగిన నవ్వు అగుట ఎట్లో, ఆ వయస్సున నాకు తట్టలేదు.

ఈ రెంటిని, అనగా ఆ నేరమును ఈ నవ్వును, తలక్రిందులు చేసినవారు విజయనగరము గురజాడ అప్పారావుగారు. ఆయన పుట్టినది 1862లో. 2024 వరకు మనకుండిన శిక్షాస్మృతి అమలునకు వచ్చినదియు ఆ సంవత్సరమే. చిత్రమేమనగా, 1883లో ఆయన ఇంగ్లీషున వ్రాసి పేరు తెచ్చుకొన్న కావ్యము సారంగధరుని కథయే. అక్కడ మొదలు పెట్టిన కలము పదేండ్లు తిరుగకముందే ‘కన్యాశుల్కము’నకు వచ్చెను. నడుమ ఒక జాబితా యున్నది. విజయనగరము మహారాజు ఆనందగజపతివారు విశాఖపట్టణము జిల్లా బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లలో సొమ్ము పుచ్చుకొని చేసిన పెండ్లిండ్లకు లెక్క తీయించిరి. 1034 తేలినవి. అయిదేండ్ల పిల్లలు 99 మంది. ఏడాది పిల్లలు ముగ్గురు. అప్పారావుగారే తమ నాటకపు పీఠికలో ఈ లెక్క నిచ్చిరి. పశువుల సంతలో దూడకు పండ్లు చూచి ధర కట్టుదురు. ఈ బేరములో పండ్లు రాని పిల్లకును ధర కట్టిరి!

నాటకము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడెను, 1897లో అచ్చయ్యెను. ఇప్పుడు మనము చదువునది పెంచి తిరుగవ్రాసిన 1909 నాటి ప్రతి. కథ మీకు తెలిసినదే యైనను, నేరకథగా దాని నొకసారి చూడుడు. అగ్నిహోత్రావధానులు పెద్దకూతురు బుచ్చమ్మను ముసలివానికిచ్చి విధవను చేసినాడు. చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధానులకు అమ్మజూచుచున్నాడు. తల్లి వెంకమ్మ మాట చెల్లలేదు. ఆమె అన్న కరటకశాస్త్రి నాటకములవాడు. అతడు తన శిష్యుడైన మగపిల్లవానికి చీర కట్టి, ఇంకను చౌకబేరమని ఆశపెట్టి, లుబ్ధావధానులకే పెండ్లి చేసెను. పెండ్లి కాగానే పిల్లవాడు వేషము విప్పి మాయమయ్యెను. ఇకనేమి? పెండ్లికూతురు కనబడదు, ముసలివాడు చంపినాడను మాట పుట్టెను, పోలీసులు దిగిరి, కోర్టు కూడెను.

ఇక్కడ నొక్క నిమిష మాగవలెను. పుట్టని పిల్లను చంపినాడని సర్కారు ఇంత హంగామా చేసినది. పుట్టిన పిల్లను, పేరున్న పిల్లను, సుబ్బిని, అమ్ముచుండగా ఆ సర్కారుకు చీమ కుట్టినట్లు లేదు. లేని శవము కొరకు విచారణ, ఉన్న బిడ్డకు దిక్కులేదు. ఇంతకంటె చేదైన నవ్వు తెలుగున మరియొకటి నాకు కనబడలేదు. చిత్రాంగి కథలో కన్నెత్తి చూడని ముసలివాని పెండ్లియే ఇక్కడ బోనెక్కెను.

దీనిని నడపినది వేశ్య మధురవాణి. కరటకశాస్త్రి మేనకోడలి గతి చెప్పగా విని ఆమె మనస్సు కరగెను. సుబ్బిని ఆమె యెదుట నిలిపిన రంగము నాటకములో లేదు. వెంకమ్మ ఆమెను చూచిన రంగమును లేదు. చూచినను గడప తొక్కనిచ్చునా? ఒకరి ముఖమొక రెరుగని ఆడువారి నడుమ నున్న ఆ పొత్తును స్నేహమనక నేనేమనవలెనో తోచకున్నది. ఆ స్నేహమును మధురవాణి ఎక్కడను చెప్పుకొనదు. తన కంటె కొరకు మాత్రము రామప్పంతులును నిలువనీయదు. పెండ్లికూతురు మెడలో పెట్టుటకని అతడు ఆమెవద్ద ఎరువు తెచ్చిన కంటె అది. ఆమె పట్టు పట్టిన కొలది అతడు లుబ్ధావధానుల మీద పడును. పొట్ట చెక్కలగునట్లు నవ్వించు ఘట్టములవి. ముందు అదే మధురవాణి యింట పూటకూళ్ళమ్మ చీపురు పట్టుకొని వచ్చు రంగ మున్నది. గిరీశము ఆమె సొమ్ము తిని, మంచము క్రింద దూరినాడు. రామప్పంతులును అక్కడనే దూరినాడు. తప్పు చేసిన వీపునకు తగులక చీపురు రెండవ వీపునకు తగిలెను. ఆ రెండవది నిర్దోషి వీపు కాదు గనుక చూచువానికి విచారము కలుగదు.

దుష్టుల సంగతి అట్లుండ, మంచివాడైన సౌజన్యరావు పంతులు సంగతి నాకు ఎక్కువ ఆలోచన కలిగించును. ఆయన వకీలు, సంఘసంస్కర్త, ధర్మాత్ముడు. వేశ్యల మొగము చూడరాదను నియమము గలవాడు. లుబ్ధావధానులను కాపాడగల నిజము ఆ వేశ్య యొక్కతెవద్ద నున్నది. అందుచే ఆమె మగవేషము వేసికొని ఆయన యింటికి పోవలసి వచ్చెను. నిజము చెప్పుటకు ఒక స్త్రీ మగవేషము వేయవలసిన లోకమది! దుష్టుడు స్త్రీని తన్నును, మంచివాడు ముఖము త్రిప్పుకొనును. రెండవ దానిని మనము దెబ్బగా లెక్కింపము. నాటకమున లోపము లేదని నేననను. లుబ్ధావధానుల విధవకూతురు మీనాక్షిని రామప్పంతులు మోసపుచ్చు చోటుల మనము నవ్విన నవ్వు గొంతులో నిలుచును. మధురవాణికిచ్చిన తెలివి, దయ ఆమె విషయమున కవి పూర్తిగా ఖర్చుపెట్టలేదని నా అభిప్రాయము.

మన సీమలో ఓలి యుండెడిది గదా, అదియు అమ్మకమేనా యని కొందరు పెద్దలు నన్నడిగిరి. కాపుదనపు ఇండ్లలో ఆడపిల్ల కలుపు తీయును, కోత కోయును; ఆ చేయి పోవుచున్నదని పుట్టింటి కిచ్చునది ఓలి. వయసు వచ్చిన పిల్ల, పని చేయు పిల్ల. ఏడాది పిల్ల చేయి ఎవరి చేను కోసెను? తరువాత ఓలి పోయి కట్నము వచ్చినది. సొమ్ము నడచు దిక్కు మారినది. చట్టములు మెల్లగా వచ్చినవి: 1929లో శారదా చట్టము, 1961లో వరకట్న నిషేధము, 2006లో బాల్యవివాహ నిషేధము. అప్పారావుగారు 1915లోనే పోయిరి. వీనిలో ఒక్కటియు చూడలేదు.

కొన్నేండ్ల క్రిందట కోయిలకుంట్ల దగ్గరి పల్లెలో, ఒక బంధువు ఇంటి పంచలో, ఈ నాటకమును రెండు రాత్రులు చదివి వినిపించితిని. అరుగుమీద మగవారు, తలుపు వెనుక ఆడువారు. గిరీశము ఇంగ్లీషు మాటలకు అరుగు నవ్వెను. చీపురు రంగమునకు తలుపు వెనుక నవ్విరి. అరుగు కొంచె మాలస్యముగా నవ్వెను. కోర్టు రంగమయి, పుస్తకము మూసి, మంచినీళ్లు త్రాగుచుండగా లోపలినుండి ఒక అవ్వ వచ్చి ద్వారబంధము పట్టుకొని నిలిచెను.

“ఇంతకూ ఆ సుబ్బి ఏమాయె నాయనా?” అని యడిగెను.

“ముసలాయనతో పెండ్లి తప్పినదవ్వా” అంటిని.

“తప్పెనా? అయితే సరే” అని ఆమె లోపలికి పోయి పొయ్యిలోని కట్టె యెగదోసెను.