స్లాట్ మెషీన్

నాణెం వేసి మీట లాగగానే గుర్తులున్న చక్రాలు తిరిగి, వరుస కుదిరితే డబ్బు చెల్లించే జూద యంత్రం. నాణెం వేసే సన్నని చీలిక పేరే 'స్లాట్'.

పరిణామం: 1891లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో సిట్‌మన్, పిట్ అనేవారు పేకముక్కల బొమ్మలతో ఐదు డ్రమ్ముల యంత్రం చేశారు. గెలిచినవారికి బహుమతి దుకాణదారే ఇచ్చేవాడు. 1890లలోనే శాన్‌ఫ్రాన్సిస్కో మెకానిక్ చార్లెస్ ఫే మూడు చక్రాల 'లిబర్టీ బెల్' రూపొందించాడు. మూడు గంట బొమ్మలు వరుసగా పడితే నాణేలు యంత్రంలోంచే రాలిపడేవి. 1960లలో బ్యాలీ సంస్థ 'మనీ హనీ'తో విద్యుత్తు, 1976లో ఫార్చ్యూన్ కాయిన్ సంస్థ యంత్రంతో వీడియో తెర వచ్చాయి.

పనితీరు: చక్రానికి పది గుర్తులుంటే మూడు చక్రాలకు 1,000 కలయికలు, ఆటగాడు లెక్కగట్టగలడు. 1984లో ఇంగే టెల్నేస్ పేటెంట్‌తో చక్రం ఆగే చోటును కంప్యూటర్ యాదృచ్ఛిక సంఖ్యతో నిర్ణయించసాగింది. కంటికి కనిపించే గుర్తులను బట్టి గెలుపు అవకాశం తెలియదు. ఈ మార్పే అన్నిటికన్నా ప్రమాదకరమైనది.

మన ప్రాంతంలో: హౌరా–చెన్నై రైలుమార్గంలో ఉన్న తుని వంటి ఊళ్ల ప్రయాణికులకు ఒకప్పుడు నాణెం యంత్రమంటే స్టేషన్లలో బరువు, జాతకం అచ్చేసిన అట్టముక్క ఇచ్చే రంగుదీపాల తూకం యంత్రమే. జూద యంత్రాల విషయానికొస్తే, గోవాలో జూద చట్టానికి చేసిన 1992 సవరణ ఐదు నక్షత్రాల హోటళ్లలో స్లాట్ మెషీన్లను అనుమతించింది. తునికి వర్తించేది మాత్రం జూదాన్ని నిషేధించే 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం. దాని 2020 సవరణతో ఆన్‌లైన్ జూదమూ నిషిద్ధమైంది. మీట పోయి ఫోన్ తెర వచ్చినా, పందెం కాసేవాడి కష్టార్జితాన్ని హరించే లెక్క మాత్రం మారలేదు.