క్రిస్మస్ కాలం: ఆచారాలు, అంతరార్థాలు

డిసెంబరు ద్వితీయార్ధానికి హోసూరు పీఠభూమిపై చలి ముదురుతుంది. వాకిళ్ళలో ధనుర్మాసపు ముగ్గులు, తెల్లవారుజామున కోవెల గంట, అదే వీధిలో క్రైస్తవుల ఇంటి చూరుకు వేలాడే కాగితపు నక్షత్రం ఒకే వేళకు దర్శనమిస్తాయి. పాఠశాలలలో అర్ధసంవత్సర పరీక్షలు ముగిసి సెలవులు ఆరంభమయ్యేదీ అప్పుడే. క్రిస్మస్ అనగానే పిల్లలకు ముందుగా సెలవులే స్ఫురించడంలో తప్పేమీ లేదు. అయితే ఆ పండుగ ఆచారాల చరిత్రలో బడిపంతుళ్ళకు, విద్యార్థులకు ఎంతటి పాలు ఉన్నదో చాలమంది ఎరుగరు.

యేసు జన్మించిన తేదీని సువార్తలు పేర్కొనలేదు. డిసెంబరు 25న ఈ పండుగను పాటించినట్లు తెలిపే తొలి ఆధారం రోము నగరంలో క్రీ.శ. 336వ సంవత్సరానికి చెందినది. రోమీయుల పాత పంచాంగం ప్రకారం పగటి పొద్దు తిరిగి పెరగనారంభించే దినం అదే. తేదీ నిర్ణయానికి సూర్యగమనమే కారణమా, వేరొక గణనయా అన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. మన మకర సంక్రాంతి కూడా సుమారు 1700 ఏళ్ళ క్రితం వాస్తవమైన ఉత్తరాయణారంభానికి సమీపంలోనే ఉండేది. అయనచలనం వలన క్రమంగా జరిగి జనవరి 14కు చేరింది. వేర్వేరు నేలలపై ఎదిగిన రెండు పండుగలు ఒకే సూర్యుని మలుపు దాపున నిలవడం ఆలోచింపదగిన విశేషం.

పండుగకు ముందటి నాలుగు ఆదివారాలతో కూడినది ఆగమన కాలం. ఇది నిరీక్షణకు, ఆత్మపరిశీలనకు ఉద్దేశించినది. బజారులోని సందడి ఈ భాగాన్ని దాదాపు మింగివేసిందనే చెప్పాలి.

పశువుల పాక బొమ్మల సంగతి చూద్దాం. 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో అస్సీసి ఫ్రాన్సిస్ గడ్డి పరచిన తొట్టిని, సజీవమైన ఎద్దును, గాడిదను నిలిపి, క్రీస్తు జననాన్ని గ్రామీణులకు కన్నులకు కట్టించాడు. లతీను రాని జనానికి అది ఒక దృశ్యపాఠం. దసరా బొమ్మల కొలువు పేర్చిన చేతులకు ఆ పాక అలంకరణలోని ఆనందాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

నక్షత్రం కథ మరింత ముచ్చటైనది. తూర్పు దేశపు జ్ఞానులకు దారి చూపిన చుక్కకు అది గుర్తు. జర్మనీలోని నీస్కీ పట్టణంలో మొరేవియన్ క్రైస్తవుల బాలుర పాఠశాల ఉండేది. 19వ శతాబ్దపు పూర్వార్ధంలో అక్కడి ఉపాధ్యాయులు రేఖాగణితం బోధించడానికై విద్యార్థులచేత అనేక కొమ్ములు గల కాగితపు నక్షత్రాలను చేయించారు. నేడు ప్రసిద్ధికెక్కిన రూపంలో చతురస్రపు అడుగు గల కొమ్ములు 17, త్రిభుజపు అడుగు గలవి 8. ఇరవై ఆరు ముఖాల ఘనాకృతిలో వేలాడదీయడానికి ఒక ముఖాన్ని విడిచిపెడితే మిగిలే లెక్క అదే. మన వైపు వెదురు బద్దలతో కట్టే అయిదు కొమ్ముల నక్షత్రం ఇంతకంటె సులువు. కోణం కుదరకపోతే మాత్రం అదీ వంకరపోతుంది!

ఆంగ్లంలో ‘సైలెంట్ నైట్’గా లోకమెరిగిన గీతానికీ ఒక బడితో సంబంధం ఉన్నది. జోసెఫ్ మోర్ అనే యువ గురువు అంతకు రెండేళ్ళ ముందు వ్రాసుకొన్న పద్యానికి 1818 డిసెంబరు 24న బాణీ కూర్చిన ఫ్రాంజ్ గ్రూబర్, ఆస్ట్రియాలోని ఒక పల్లెటూరి బడిపంతులు. ఆ రాత్రియే పొరుగున ఉన్న ఓబర్న్‌డార్ఫ్ చర్చిలో ఇద్దరూ కలిసి గిటారుపై దానిని పాడారు.

కృష్ణగిరికి ఈ చరిత్రలో తనదైన పుట ఉన్నది. అమెరికాలో స్థిరపడిన జర్మన్ లూథరన్ల మిస్సోరి సినడ్ భారతదేశంలో తన సేవను ఆరంభించిన చోటు ఇదే. థియోడార్ నేథర్ 1895లో ఇక్కడ పని ప్రారంభించి, 1904లో ప్లేగు వ్యాధికి బలియయ్యాడు. ఆ కృషి నుండియే 1958లో ఇండియా ఎవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడినది. కతోలిక సంఘానికి సంబంధించి ఈ ప్రాంతం 1997లో ఏర్పడిన ధర్మపురి మేత్రాసనం పరిధిలోనిది.

ఏ ఆచారమైనా మాతృభాషలో పలికినప్పుడే ఇంటిదవుతుంది. తెలుగు లిపిలో అచ్చయిన తొలి పుస్తకాలు 1746లో జర్మనీలోని హాలే నగరంలో వెలువడిన క్రైస్తవ గ్రంథాలే. వాటి వెనుక ఉన్నది మద్రాసులో తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్ పరిశ్రమ. పిదప పురుషోత్తమ చౌదరి వంటి కవులు మన రాగతాళాలలో కీర్తనలు రచించగా, అవి తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో స్థిరపడినవి.

హోసూరు వంటి సరిహద్దు ఊరిలో ఈ విషయానికి ప్రత్యేకమైన బరువు ఉన్నది. తమిళనాడులో 2006 నాటి చట్టం మేరకు తమిళం ఒకటవ తరగతి నుండి ఏటేటా తప్పనిసరి పాఠ్యభాగమవుతూ, 2015–16 విద్యాసంవత్సరానికి పదవ తరగతిని చేరుకొన్నది. రాష్ట్రభాషను నేర్వడం అవసరమే, లాభమే. కాని తల్లి పాడే కీర్తనను విని పాడగల పిల్లవాడు, అదే కీర్తనను పుస్తకంలో చూచి చదవలేని స్థితికి వస్తే, నష్టం ఒక్క క్రైస్తవులకే పరిమితం కాదు. తిరుప్పావైని తెలుగు లిపిలో చదువుకొనే ఇంటిదీ, గొబ్బిపాట పాడే ఇంటిదీ అదే పరిస్థితి. చెవిని నమ్ముకొన్న పాట ఒకటి రెండు తరాలు నిలుస్తుందేమో. ఆపైన చరణాలు జారిపోతాయి.

క్రిస్మస్ కాలం పన్నెండు రోజులు సాగి, జ్ఞానుల రాకను స్మరించే జనవరి 6తో ముగింపునకు వస్తుంది. అప్పటికి సెలవులు తీరి పాఠశాలలు తెరుచుకొంటాయి. చూరు నుండి దింపిన నక్షత్రాన్ని విప్పి, బద్దలు విరగకుండా మడిచి, మరుసటి ఏటికి అటకపై దాచుతారు.