నిప్పుకు వంతు తప్పనివాళ్లు

1800 అక్టోబరు 12న నిజాం అలీఖాన్‌కూ ఈస్టిండియా కంపెనీకీ కుదిరిన ఒప్పందంతో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలు కంపెనీ పాలనలోకి వచ్చాయి. దత్తమండలాలన్న పేరు అప్పటిదే. నిజాం ఈ సీమను వదులుకున్నది తన రాజ్యంలో మకాం వేసిన కంపెనీ సైన్యం ఖర్చుకింద. ఆ సైన్యం హుసేన్‌సాగర్ అవతల విడిసిన చోటుకే 1806లో సికిందరాబాదన్న పేరు వచ్చింది. దండు ఉన్నచోట సరుకులు కావాలి, అప్పులిచ్చేవాళ్లు కావాలి. ఆ పనిమీద బొంబాయి వైపు నుంచి పారసీలు వచ్చారు. పెన్న, చిత్రావతి ఒడ్ల రైతులు కట్టిన శిస్తుకూ, సికిందరాబాదులో పారసీలు నిలుపుకున్న నిప్పుకూ ఈ దారిన సంబంధం ఉంది.

వచ్చినవారిలో విక్కాజీ మెహర్జీ, పెస్టన్‌జీ మెహర్జీ సోదరులు పెద్ద షావుకార్లు. ఔరంగాబాదు టంకశాలలో కొట్టిన నాణేలు పెస్టన్‌జీ పేరు మీద పెస్టన్‌షాహీలుగా చెలామణి అయ్యాయి. బీరారు రాబడి తాకట్టుగా వాళ్లు నిజాం సర్కారుకు అప్పులిచ్చారు. ఆ సోదరులే 1847లో సికిందరాబాదులో అగ్నిమందిరం కట్టించారు. సర్కారు బాకీలు తీరక కొద్దికాలానికే వారి వ్యాపారం కుప్పకూలింది. మందిరం మాత్రం నిలిచింది. తర్వాత 1904లో హైదరాబాదు తిలక్ రోడ్డులో ఒకటి, 1920లో సికిందరాబాదులోనే మరొకటి వెలిశాయి.

షావుకార్ల కథ దస్తావేజుల్లో దొరుకుతుంది. వాళ్ల వెంట వచ్చిన పూజారుల కథ అంత తేలిగ్గా దొరకదు. నాకు ముఖ్యమనిపించేది అదే. పారసీల్లో పౌరోహిత్యం వంశానుగతం. ఆ వంశాలను అథోర్నాన్ అంటారు, తక్కినవారు బెహ్‌దీన్‌లు. అథోర్నాన్ ఇంట పుట్టినంత మాత్రాన పూజారి కాడు. తొమ్మిది రాత్రులు ఒంటరిగా ఉండే బరష్నూమ్ శుద్ధి, ఆపైన నావర్ దీక్ష పూర్తిచేస్తేనే ఎర్వద్ అవుతాడు. దీక్ష పుచ్చుకోనివాడు ఆ వంశంలో ఒస్తాగా మిగిలిపోతాడు.

ఎర్వద్ పని రోజుకు ఐదు గాహ్‌లుగా, అంటే ఐదు వేళలుగా, నడుస్తుంది. తెల్ల జామా, తలపాగా ధరించి, శ్వాస నిప్పుకు సోకకుండా నోటికీ ముక్కుకూ పదాన్ అనే తెల్లగుడ్డ కట్టుకుంటాడు. అఫర్గాన్ అనే లోహపాత్రలో బూడిద మెత్త మీద ఉన్న నిప్పుకు గంధపు చెక్కలు పేర్చి, మంత్రం చదువుతూ గంట కొడతాడు. చెడు ఆలోచన, చెడు మాట, చెడు పని పారిపోవాలని ఆ గంట. దీన్ని బోయీ అంటారు. అగ్నిపూజ అన్న మాటను పారసీలు ఒప్పుకోరు. అగ్ని తమ దేవుడైన అహురమజ్దాకు కనబడే గుర్తు, దానికెదురుగా నిలబడి ఆయననే ప్రార్థిస్తామంటారు. ఆ మాటను గౌరవించాలి.

మనవైపూ అగ్నిని కాచుకున్నవాళ్లున్నారు. కోనసీమ ఆహితాగ్నులు మూడు అగ్నులు నిలిపి, భార్యాసమేతంగా పొద్దునా సాయంత్రమూ అగ్నిహోత్రం చేసేవారు. హోత–జావోతర్, యజ్ఞం–యస్న, సోమం–హౌమ: వేదానికీ పారసీల పవిత్రగ్రంథం అవెస్తాకూ చుట్టరికం ఈ జంట మాటల్లోనే వినబడుతుంది. అయితే ఒకచోట దారులు విడిపోయాయి. ఆహితాగ్ని నిప్పు దంపతులది; ఆయన పోతే ఆ అగ్నులతోనే దహనం చేస్తారు, అక్కడితో అది ముగుస్తుంది. పారసీ నిప్పుకు శవం సోకనేకూడదు. ఎందరు ఎర్వద్‌లు వెళ్లిపోయినా అది ఉండాలి. అంటే ఆ నిప్పుకు ఎప్పుడూ ఇంకొక మనిషి కావాలి.

ఆ కట్టడి ఎంతటిదో పారసీ అగ్నుల్లో అన్నిటికన్నా పై శ్రేణిదైన ఆతష్ బెహ్రామ్ ప్రతిష్ఠలో కనబడుతుంది. దీనికి పదహారు రకాల నిప్పులు కావాలి: పిడుగుది, కుమ్మరి ఆవముది, కమ్మరి కొలిమిది, చితిది కూడా. వాటిలో కంసాలి కుంపటి నిప్పు ఒకటి. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో పెరిగినవాళ్లకు ఆ కుంపటిని వర్ణించి చెప్పక్కర్లేదు. ఈ నిప్పుల్లో దేన్నీ నేరుగా తీసుకోరు. చిల్లుల గరిటెలో గంధపు పొట్టు పోసి, నిప్పుకు తగలకుండా పైన పట్టుకుంటారు. వేడికే పొట్టు అంటుకోవాలి. అంటుకున్నదాని మీద మళ్లీ ఇంకొక గరిటె. చితి నిప్పును ఇలా తొంభై ఒక్కసార్లు వడగడతారు. ఇంతటి ప్రతిష్ఠ జరిగినవి దేశంలో ఎనిమిదే, అన్నీ ముంబైలో, గుజరాత్‌లో. వాటిలో పాతదైన ఇరాన్‌షాను సంజాన్ వంశాలు మోసుకు తిరిగి 1742లో ఉద్వాడకు చేర్చాయి. అక్కడ తొమ్మిది ఇళ్లవాళ్లు వంతులవారీగా దాన్ని కాస్తారు.

వంతుకు వచ్చేవాళ్లు తగ్గుతున్నారు. పూజారి బిడ్డలకు చదువు చెప్పడానికి ముంబైలో దాదర్‌లో 1919లో, అంధేరీలో 1923లో పాఠశాలలు పెట్టారు. అయినా డాక్టరో ఇంజనీరో కాగలిగిన కొడుకును చాలీచాలని రాబడి మీద నిలపడం ఏ తండ్రికీ తేలిక కాదు, తప్పుపట్టలేం. 2001లో దేశంలో 69,601 మంది ఉన్న పారసీలు 2011 జనగణనకు 57,264 మంది అయ్యారు.

సికిందరాబాదు మందిరాల్లోకి పారసీలు కానివారికి ప్రవేశం లేదు. ఉషహిన్ గాహ్ నడిరాత్రి మొదలై తెల్లవారేదాకా ఉంటుంది. ఆ వేళ పాత మందిరం ఉన్న మహాత్మాగాంధీ రోడ్డు మీద అంగళ్లన్నీ మూసి ఉంటాయి. గోడ అవతల ఒక ఎర్వద్ లేచి, చేతులు కడుక్కుని, నడుముకు కట్టే పవిత్రమైన దారం కుస్తీని విప్పి మళ్లీ కట్టుకుని, పదాన్ తీసుకుంటాడు.