క్యాన్సర్ చిట్టా

1926లో జర్మనీలోని హాంబర్గ్‌లో కొందరు నర్సులకు ఒక కొత్త పని పడింది. ఆస్పత్రులూ డాక్టర్ల గదులూ వరసగా తిరిగి, కొత్తగా క్యాన్సర్ బయటపడ్డవాళ్ల పేర్లు రాసుకురావడం. అవన్నీ ఆరోగ్య శాఖలో ఒకచోట చేరేవి. వారానికోసారి వాటిని మరణ ధ్రువపత్రాలతో సరిచూసేవాళ్లు. క్యాన్సర్‌తో పోయినవాళ్లలో చిట్టాకెక్కని పేరు కనిపించిందంటే, ఎక్కడో తప్పిపోయిందన్నమాట. ఊరి జనం మొత్తానికీ క్యాన్సర్ రిజిస్ట్రీ అనేది అలా మొదలైంది.

దేశమంతటికీ చిట్టా తెరిచింది డెన్మార్క్. 1942లో, జర్మన్ సైన్యం ఆ గడ్డ మీద ఉండగానే, యోహానెస్ క్లెమ్మెసెన్ అనే డాక్టరు దానికి పూనుకున్నాడు. 1946లో కోపెన్‌హాగెన్‌లో కూడిన నిపుణులు అన్ని దేశాలూ ఇలాగే రాయాలని, ఒకే తీరున రాయాలని తీర్మానించారు.

చిక్కంతా ఆ ‘ఒకే తీరు’లోనే ఉంది. ఒకామెకు రెండు రొమ్ముల్లోనూ ఒకే రకం క్యాన్సర్ వస్తే అది ఒక కేసా, రెండా? అమెరికా రిజిస్ట్రీలకు రెండు, అంతర్జాతీయ నియమానికి ఒకటే. ముసలివాళ్లు ఎక్కువున్న దేశాన్ని కుర్రకారు దేశంతో ఎలా పోల్చడం? జపాన్‌కు చెందిన మిత్సువో సెగి 1960లో ఒక ఉమ్మడి ‘ప్రపంచ జనాభా’ను ఊహించి, ఎవరి అంకెలనైనా ఆ వయసుల పాళ్లలోకి మార్చాకే పోల్చే దారి చూపాడు. ఉత్త ‘నోటి క్యాన్సర్’ అని రాసినా చాలదు. శ్రీకాకుళం పల్లెల్లో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లకు అంగిట్లో వచ్చేది వేరు, పొగాకు నమిలేవాళ్లకు బుగ్గలో వచ్చేది వేరు. జబ్బుల అంతర్జాతీయ కోడుల పట్టికలో గట్టి అంగిలికి సి05.0 అని విడిగా కోడే ఉంది.

1966లో రిజిస్ట్రీల అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. అప్పటికి మూడేళ్ల ముందే బొంబాయిలో మన దేశపు తొలి రిజిస్ట్రీ వచ్చింది.

అసలు దెబ్బ 1990లలో తగిలింది. యూరోకేర్ అనే ఉమ్మడి అధ్యయనం జబ్బు ఎందరికి వచ్చిందని కాక, వచ్చినవాళ్లలో అయిదేళ్లకు ఎందరు బతికున్నారని అడిగింది. ఇంగ్లండ్, డెన్మార్క్ వెనకబడ్డాయి. యాభయ్యేళ్లుగా పొల్లుపోకుండా రాసుకున్న డెన్మార్క్‌కు, పొరుగు దేశాల చిట్టాలతో కలిపి చూసుకునేదాకా తన సంగతి పూర్తిగా తెలియలేదు! అబ్బే, లెక్కలో తేడా అన్నవాళ్లూ లేకపోలేదు. అయినా 2000లో రెండు దేశాలూ క్యాన్సర్ ప్రణాళికలు ప్రకటించాయి. అనుమానం వచ్చిన రోజు నుంచి ఏ పరీక్ష ఎన్నాళ్లలో కావాలో డెన్మార్క్ తర్వాత గడువులు కట్టింది. ఏడు దేశాలను పోల్చిన 2019 నాటి అధ్యయనంలో బాగా పుంజుకున్నవాటిలో అదీ ఉంది.

మన సంగతికొస్తే, హైదరాబాద్ జిల్లా అంకెలు 2020 జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో ఉన్నాయి. ఇక్కడా ఆస్పత్రులు తిరగాల్సిందే, కాగితాలు సరిచూడాల్సిందే. ఇంకో పేచీ కూడా ఉంది. ఏడాదైనా ఇక్కడ కాపురమున్నవాళ్లే ఈ ఊరి లెక్కలోకి వస్తారు. వైద్యం కోసం నిన్నగాక మొన్న కూతురింట్లో దిగిన పెద్దావిడ మాత్రం ఆస్పత్రి ఫారంలో కూతురి అడ్రసే రాయిస్తుంది.