ఉట్టి కొట్టెడి వేడుక

ఉట్టి మొదట పండుగ వస్తువు కాదు, ఇంటి వస్తువు. పాలు, పెరుగు, వెన్న కుండలు పిల్లికిని చీమలకును అందకుండ దూలము నుండి వ్రేలాడదీసిన త్రాళ్ళ అల్లిక యది. దానిని కట్టినది ఇల్లాలు. కొల్లగొట్టినది, కథ ప్రకారము, గోకులములోని బాలుడు. ఆ దొంగతనమును పోటీగా మార్చి, చూచుటకు ఆ దొంగనే అలంకరించి వీథిలోనికి వేంచేపు చేయుట మన పూర్వుల చమత్కారము.

తిరుచానూరులో పద్మావతీ అమ్మవారి ఆలయ ప్రాంగణముననే శ్రీకృష్ణస్వామి సన్నిధి కలదు. అమ్మవారి దర్శనమునకై త్వరపడు యాత్రికులలో అక్కడ నిలుచువారు తక్కువ. కాని యిది 13వ శతాబ్ది నాటికే యున్నట్లు శాసనము వలన తెలియుచున్నది. గోకులాష్టమి మరునాడు స్వామి మాడవీథులకు వేంచేయగా ఉట్లోత్సవము జరుగును. తిరుమలలో ఈ వేడుక యింకను పెద్దది. మలయప్పస్వామి ఒక తిరుచ్చిపైని, శ్రీకృష్ణస్వామి వేరొక తిరుచ్చిపైని వేంచేసి యువకుల పాట్లు తిలకింతురు. తక్కిన ఉత్సవములలో మనము దేవుని చూతుము. ఆనాడు దేవుడే ప్రేక్షకుడు.

ఈ ఆచారము ఎంత ప్రాచీనము? తిరుమల తిరుపతుల శాసనములు వేయికి పైగా దొరకినవి. అందు అధికభాగము తమిళమున నున్నవి. 15, 16 శతాబ్దుల శాసనములలో, నైవేద్యములకు ధర్మము లేర్పరచిన పండుగలను చెప్పు పట్టున ‘ఉఱియడి’ యను మాట కనబడును. ఉఱి యనగా ఉట్టి. అడి యనగా దెబ్బ. ఒక దాత ద్రవ్యమిచ్చి ఆనాటి ప్రసాదమునకు ఏర్పాటు చేసెననగా, అప్పటికే యిది కుర్రకారు సరదాగా గాక ఆలయపు లెక్కలలోని కెక్కినదన్న మాట. అదే కాలపు వాడైన తాళ్ళపాక అన్నమాచార్యుడు (1408–1503) ఉట్ల పండుగపై సంకీర్తనలు చెప్పినాడు. శాసనము ఖర్చును చెప్పును, సంకీర్తన సందడిని చెప్పును. ఒకే వేడుకకు రెండు సాక్ష్యములును దక్కుట అరుదు.

ఆట తీరు సామాన్యముగా ఇట్లుండును. ఎత్తున గిలకకు త్రాడు వేసి ఉట్టిని కట్టుదురు. త్రాటి రెండవ కొన ఒకని చేతిలో నుండును. క్రింద కుర్రవాడు కర్ర యెత్తి యెగిరినప్పుడెల్ల వాడు త్రాడు లాగును. ఉట్టి పైకి పోవును. చుట్టునున్నవారు మొగముపై నీళ్ళు చిమ్ముచుందురు. కన్ను మూతపడిన క్షణముననే ఉట్టి దిగును. అది గాక నున్నగా చెక్కి జిడ్డు పూసిన మ్రానుపై కెగబ్రాకి కొనకు కట్టిన మూటను అందుకొనుట మరియొక పోటీ. ముందెక్కినవారు జారి పడుచు తమ బట్టలతోనే జిడ్డు తుడిచి పోదురు. గెలుపు తరువాతి వానిది. ఈ అన్యాయమును గూర్చి ఎవ్వరును ఫిర్యాదు చేయగా మేము వినలేదు.

నైపుణ్యమును ఆట నుండి విడదీసి ప్రదర్శించుట ఇతర దేశములందును కలదు. ఉత్తర అమెరికాలో మంచుపై హాకీ ఆడించు నేషనల్ హాకీ లీగువారు 1990లో, పిట్స్‌బర్గు నగరమున, మేటి ఆటగాండ్ర మ్యాచికి తోడుగా ఇట్టి పోటీలు ప్రారంభించిరి. వేగముగా జారుట, గురి చూచి కొట్టుట, బలముగా కొట్టుట అందలి అంశములు. 2012లో ఒటావాలో జ్డెనో చారా కొట్టిన రబ్బరు బిళ్ళ గంటకు 108.8 మైళ్ళ వేగమున పోయినది. 2024లో టొరంటోలో గెలిచిన కానర్ మెక్‌డేవిడ్‌కు బహుమానము పది లక్షల డాలర్లు. అయితే అచ్చట పెక్కు అంశములలో ప్రతిపక్షి గడియారము, లేదా కదలని గురి. మన ఉట్టి కదలును. దాని వెనుక ఒక కొంటె మనిషి యున్నాడు. ఆ మనిషి లేనిదే ఇది ఆటయే కాదని మా అభిప్రాయము.

మహారాష్ట్రమున ఇదే వేడుక మనుష్యుల గోపురములుగా పెరిగినది. ప్రమాదములు హెచ్చగా వ్యవహారము న్యాయస్థానముల కెక్కినది. 2014లో బొంబాయి హైకోర్టు గోపురమునకు 20 అడుగుల హద్దు పెట్టి, పదునెనిమిదేండ్ల లోపువారిని వారించినది. 2017లో ఎత్తు హద్దు తొలగి, పదునాలుగేండ్ల నియమము మిగిలినది. మన వీథులలో గోపురములు లేకున్నను జారుడుమ్రాను కలదు. దాని మొదట బండెడు ఇసుక పోయించుటకు ఏ కోర్టు ఉత్తరువును అక్కరలేదు.

ఇక ఉట్టి మాట. రిఫ్రిజిరేటరు వచ్చినది, దూలము పోయినది. ‘ఉట్టి కెగురలేనమ్మ స్వర్గమున కెగురునా’ యను సామెతను పిల్లలకు చెప్పవలెనన్న, ముందు ఉట్టి యననేమో చెప్పవలసి వచ్చుచున్నది. పట్టణపు బిడ్డకు చూపుటకు మాడవీథి యొక్కటియే మిగిలినట్లున్నది. గోకులాష్టమి మరునాడు తిరుచానూరు పోవువారికి మా మనవి: అందరి చూపులును కుండపై నుండును, మీరు త్రాడు లాగువాని చేతులను చూడుడు.